గదిలో తప్పు, గల్లాలో ఒప్పు

భిలాయ్ పవర్‌హౌస్ స్టేషన్‌లో రైలు దిగి, సంచి భుజాన వేసుకుని, గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు వెంట చవకైన లాడ్జి కోసం వెతికే మనిషి ఎవరు? ఉక్కు కర్మాగారంలో యంత్రం బిగించడానికి వచ్చిన మెకానిక్ కావచ్చు. టెండరు కాగితాలు పట్టుకుని వచ్చిన చిన్న కాంట్రాక్టరు కావచ్చు. సెక్టార్ 9 ఆసుపత్రిలో అయినవారిని చేర్చి రాత్రికి నడుం వాల్చే చోటు వెతుక్కుంటున్న గుమాస్తా కావచ్చు. కొలువు నుండి విరమించిన అన్నగారిని చూడడానికి ఉత్తరాంధ్ర నుండి వచ్చి, ఇల్లు ఇరుకని లాడ్జిలో దిగిన తమ్ముడు కావచ్చు. వీరిలో అందరూ తాగరు. తాగేవారు మాత్రం చీకటి పడ్డాక దుకాణానికి వెళ్ళి ఒక సీసా కొనుక్కుని గదికి తెచ్చుకుంటారు. ఆ సీసాను వారికి అమ్మింది ఏ దొంగ వ్యాపారో కాదు. సాక్షాత్తు రాష్ట్ర ప్రభుత్వమే.

అర్ధరాత్రి తనిఖీకి వచ్చేదీ ఆ ప్రభుత్వమే. గది తలుపు తట్టి, బల్లపైని సీసాను చూసి, ఇక్కడ తాగడానికి అనుమతి ఉందా అని లాడ్జి యజమానిని నిలదీస్తే అతని దగ్గర జవాబు ఉండదు. అనుమతి తెచ్చుకుందామంటే అతని పది గదుల లాడ్జికి సరిపడే లైసెన్సు లేదు. వద్దని గట్టిగా చెబితే అతిథి పక్క లాడ్జికి పోతాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్న సామెత చిన్న లాడ్జి యజమాని విషయంలో అక్షరసత్యం. ఈ చిక్కుముడిని విప్పడానికి రెండు తేలిక మార్గాలు సూచిస్తున్నవారు ఉన్నారు. చిన్న లాడ్జీలకు కూడా బార్ లైసెన్సులు ఇమ్మనేది ఒకటి. ఉన్నవాటిపై మరింత కఠినంగా దాడులు చేయమనేది రెండవది. రెండూ తప్పుదారులే.

భిలాయ్ పుట్టుకలోనే పరదేశి ఉన్నాడు. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో ఈ ఉక్కునగరానికి బీజం పడింది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. పల్లెపొలాల నడుమ లేచిన ఆ కొలిమి దేశం నలుమూలల నుండి మనుషులను పిలుచుకున్నది. బెంగాలీలు, మలయాళీలు, పంజాబీలు, ఒడియాలు వచ్చినట్లే తెలుగువారూ వచ్చారు. వారి పిల్లలు, మనుమలు ఇప్పుడు ఛత్తీస్‌గఢ్ పౌరులే అయినా, పెళ్ళికి, పండుగకు, చావుకు సొంత ఊళ్ళతో రాకపోకలు తెగిపోలేదు. 2016లో నెలకొన్న ఐఐటీ, కర్మాగారం విస్తరణ పనులు, చుట్టుపక్కల అనుబంధ పరిశ్రమలు ఆ రాకపోకలను ఇంకా పెంచాయి. బస చేసేవాడు లేకుండా భిలాయ్ లేదు.

అయితే బసలోనూ తరగతులున్నాయి. కర్మాగారానికి వచ్చే పెద్ద అధికారులకు భిలాయ్ నివాస్ వంటి అతిథి గృహాలున్నాయి. ధనవంతులకు బార్ ఉన్న హోటళ్ళున్నాయి. వారు తాగదలిస్తే మెట్లు దిగి కింది అంతస్తుకు వెళితే చాలు. అక్కడ చట్టం కూడా వారితోపాటు కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. సుపేలాలోనో, పవర్‌హౌస్ దగ్గరో, క్యాంపు ప్రాంతంలోనో చిన్న లాడ్జిలో దిగిన మనిషికి ఆ వెసులుబాటు లేదు. ఒకే పానీయం, ఒకే పట్టణం, ఒకే రాత్రి. అద్దె ఎక్కువ ఇచ్చినవాడు అతిథి, తక్కువ ఇచ్చినవాడు అనుమానితుడు. ఇది మద్యం సమస్య కంటే ముందు న్యాయం సమస్య.

చట్టం సంగతి చూద్దాం. రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో మద్యం రాష్ట్రాల జాబితాలోని అంశం. ఆరోగ్యానికి హానికరమైన మత్తు పానీయాలను నిషేధించడానికి రాజ్యం ప్రయత్నించాలని 47వ అధికరణం ఆదేశిస్తున్నది. మద్యం వ్యాపారం పౌరుని ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు పలుమార్లు తేల్చిచెప్పింది. కనుక లైసెన్సు అనేది హక్కు కాదు, రాజ్యం షరతులతో ఇచ్చే మినహాయింపు. ఛత్తీస్‌గఢ్‌లో నేటికీ ఆధారం 1915 నాటి ఎక్సైజ్ చట్టమే. బ్రిటిష్ హయాంలో మధ్యపరగణాల కోసం రాసిన ఆ చట్టం మధ్యప్రదేశ్‌కు, 2000 నవంబరు 1న కొత్త రాష్ట్రం ఏర్పడిన తర్వాత ఛత్తీస్‌గఢ్‌కు వారసత్వంగా వచ్చింది. దాని కింద విదేశీ మద్యానికి రెస్టారెంటు బార్లకు ఎఫ్.ఎల్.2, హోటల్ బార్లకు ఎఫ్.ఎల్.3, క్లబ్బులకు ఎఫ్.ఎల్.4 అంటూ లైసెన్సులున్నాయి. వీటిలో ఏదీ పది గదుల లాడ్జిని దృష్టిలో పెట్టుకుని రాసినది కాదు. వీటన్నిటి ఉద్దేశం ఒకటే: మద్యం అమ్మే చోటును గుర్తించి రుసుం వసూలు చేయడం. అమ్మకుండా కేవలం అతిథికి చోటిచ్చేవాడు ఈ పట్టికలో కనిపించడు.

అతడు కనిపించేది శిక్షల పట్టికలో. అనుమతి లేకుండా తాగుడుకు చోటు కల్పించేవారిని శిక్షించే నిబంధనలు 36వ సెక్షన్ వరుసలో ఉన్నాయి. రోడ్డు పక్క ధాబాలు, చిరుతిండి బండ్లు సారాపానశాలలుగా మారకుండా ఆపడానికి ఆ నిబంధనలు అవసరమే. వాటిని తప్పుపట్టనక్కరలేదు. కానీ పదిమంది బల్లల చుట్టూ చేరి తాగే ధాబా ఒకటి, తలుపు మూసుకుని ఒక్కడు కూర్చున్న గది మరొకటి. అద్దె చెల్లించిన గది ఆ రాత్రికి అతిథికి ఇల్లు. ఇంట్లో నేరం కానిది అద్దె గదిలో ఎప్పుడు నేరమవుతుందో, ఎప్పుడు కాదో సామాన్యునికి అర్థమయ్యే భాషలో చెప్పవలసిన బాధ్యత ప్రభుత్వానిది. ఆ గీత గీయనంత కాలం దానిని ఎక్కడ గీయాలో నిర్ణయించేది తనిఖీకి వచ్చిన జవాను. అస్పష్టత ఉన్నచోట ఆమ్యామ్యా పుట్టడం ప్రకృతి ధర్మం.

సొంత వాడకానికి, అమ్మకానికి తేడా పాటించడం ఈ చట్టానికి తెలియనిదేమీ కాదు. ఇప్ప పూల సారా ఆదివాసుల ఆచారంలో భాగమని గుర్తించి, ఇంటి అవసరానికి పరిమితంగా కాచుకోవడానికి వారికి మినహాయింపు ఇచ్చింది ఈ వ్యవస్థే. అమ్మితే నేరం, పండుగకు, పితృకార్యానికి సొంతానికి వాడుకుంటే కాదు. ఎంతో వివేకం ఉన్న విభజన అది. అడవిలో గుడిసెకు వర్తించిన వివేకం పట్టణంలో లాడ్జి గదికి వర్తించకపోవడానికి కారణం కనిపించదు.

ప్రభుత్వం తటస్థ తీర్పరి అయితే ఈ చర్చ ఇంతటితో ముగిసేది. ఛత్తీస్‌గఢ్‌లో అలా లేదు. 2017 ఏప్రిల్ నుండి మద్యం చిల్లర అమ్మకాన్ని ప్రైవేటు కాంట్రాక్టర్ల నుండి తప్పించి రాష్ట్ర మార్కెటింగ్ కార్పొరేషన్ తన చేతుల్లోకి తీసుకున్నది. కాంట్రాక్టర్ల ఆగడాలు అరికట్టడం, అమ్మకాలను అదుపులో పెట్టడం అప్పట్లో చెప్పిన ఆశయాలు. 2018 శాసనసభ ఎన్నికలలో కాంగ్రెస్ పార్టీ సంపూర్ణ మద్యనిషేధం వాగ్దానం చేసి అధికారానికి వచ్చింది. 2023లో దిగిపోయేనాటికి కూడా ఆ వాగ్దానం కాగితం దాటలేదు. 2019–22 మధ్య ఆ రాష్ట్ర మద్యం వ్యాపారంలో 2,000 కోట్ల రూపాయలకు పైగా అక్రమాలు జరిగాయని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ ఆరోపించింది. దోషులెవరన్నది న్యాయస్థానాలు తేల్చవలసిన విషయం. కాని ఒకటి మాత్రం ఇప్పటికే తేలింది. దుకాణం ప్రైవేటుదైనా, ప్రభుత్వానిదైనా, మద్యం సొమ్ము చుట్టూ చేరే ఈగలకు కొదువ ఉండదు.

అమ్మేవాడు, పట్టేవాడు ఒక్కడే అయినప్పుడు జరిగేది దొంగకు దోవ చూపి దొరను లేపినట్లే ఉంటుంది. దుకాణంలో సీసా అమ్మి సుంకం గల్లాలో వేసుకునేటప్పుడు అది ఆదాయం. అదే సీసా నాలుగు వీధుల అవతల లాడ్జి గదిలో దొరికితే సాక్ష్యం. కొన్నవాడు దానిని ఎక్కడ తాగాలని ప్రభుత్వం ఉద్దేశం? వీధిలో తాగితే నేరం. ధాబాలో తాగితే నేరం. దుకాణాల పక్కన అహాతా అనే కూర్చునే చోట్లు ఉండాలా వద్దా అన్నదానిపై ఇరుగుపొరుగు రాష్ట్రాలకే ఏకాభిప్రాయం లేదు. మధ్యప్రదేశ్ 2023 ఏప్రిల్ 1 నుండి అహాతాలన్నిటినీ మూసివేసింది. బహిరంగంగా తాగడం మాన్పించడానికి అది మంచి చర్యే కావచ్చు. అలా మూసినప్పుడు తాగేవాడు మాయమైపోడు, మరొక చోటికి మారతాడు. ఊరికి కొత్తవాడైతే ఆ చోటు లాడ్జి గదే.

కనుక చిన్న లాడ్జీలకూ చవకగా బార్ లైసెన్సులు ఇచ్చేస్తే సరిపోతుందని యజమానులు వాదించవచ్చు. వారి కష్టంలో నిజం ఉంది. రోజుకు వెయ్యి రూపాయల లోపు అద్దె గదులకు 2022 జూలై 18 వరకు జీఎస్టీ లేదు. ఆ రోజు నుండి 12 శాతం పడింది. 2025 సెప్టెంబరు 22 నుండి 7,500 రూపాయల వరకు అద్దె ఉన్న గదులకు 5 శాతానికి తగ్గినా, కొనుగోళ్ళపై కట్టిన పన్నును సర్దుబాటు చేసుకునే వీలు పోయింది. కరెంటు బిల్లు, దుప్పట్ల ఉతుకు, ఆన్‌లైన్ బుకింగ్ కమీషన్ అన్నీ పోను చిన్న లాడ్జికి మిగిలేది స్వల్పం. పెద్ద హోటలుకు గది అద్దె కంటే బారు మీద లాభం వచ్చే చోట, ఆ ఆదాయం తమకూ కావాలని చిన్నవారు ఆశపడడం సహజం.

సహజమైన ఆశలన్నీ సమ్మతించదగినవి కావు. లాడ్జికి అమ్మకపు లైసెన్సు ఇచ్చిన మరుక్షణం ఆ లాడ్జి వ్యాపారం మారిపోతుంది. రుసుం కట్టినవాడు దానిని రాబట్టుకోవాలి. పది గదులలో దిగిన పదిమంది తాగినంత మాత్రాన రుసుం రాదు. అందుకని వీధిలోని వారికి తలుపు తెరుస్తాడు. గదులు గోదాములవుతాయి, కింది వరండా బారవుతుంది, రిజిస్టరులో పేర్లు మాత్రం మిగులుతాయి. ఆసుపత్రిలో భార్యను చేర్చి వచ్చినవాడికి, పరీక్ష రాయడానికి కూతురితో వచ్చిన తల్లికి ఆ లాడ్జిలో ఇక నిద్ర పట్టదు. చవకగా దొరికే మర్యాదైన బసను పోగొట్టుకునేది పేద ప్రయాణికుడే.

ఇది ఊహాజనితమైన భయం కాదు. కర్ణాటకలో హోటళ్ళకు, బోర్డింగ్ హౌసులకు సి.ఎల్.7 అనే ప్రత్యేక లైసెన్సు ఉంది. నిర్ణీత సంఖ్యలో గదులు ఉంటే చాలు, బారు నడుపుకోవచ్చు. గదులు పేరుకు, బారు అసలుకు అన్న విమర్శ దానిపై చిరకాలంగా ఉంది. లైసెన్సుకు గదులు షరతు అయినప్పుడు గదులు అతిథుల కోసం కాక లైసెన్సు కోసం పుట్టుకొస్తాయి. గది ఉంది కనుక అతిథికి పోస్తున్నామనడం వేరు, పోయడం కోసం గది కట్టామనడం వేరు. భిలాయ్‌లో తలపెట్టే ఏ విధానమైనా ముందుగా ఈ తలకిందుల వ్యవహారాన్ని ఆపగలగాలి.

కేరళ అనుభవం మరొక పాఠం. 2014లో అక్కడ ప్రమాణాలు లేవన్న కారణంపై 418 బార్ల లైసెన్సులు పునరుద్ధరించలేదు. ఆపైన అయిదు నక్షత్రాల హోటళ్ళకు మాత్రమే బార్లు పరిమితం చేశారు. ఆ విధానాన్ని 2015 డిసెంబరు 29న సుప్రీంకోర్టు సమర్థించింది. ప్రభుత్వం మారాక 2017లో మూడు నక్షత్రాల హోటళ్ళకు సైతం అవకాశం ఇచ్చారు. న్యాయస్థానం ముద్ర పడినంత మాత్రాన విధానం నిలకడ పొందదని ఆ మార్పు చెబుతున్నది. నక్షత్రాలు లెక్కపెట్టి ఇచ్చే అనుమతి తాగుడును తగ్గించడం కంటే తాగేవారిని అంతస్తులుగా విడదీయడమే ఎక్కువగా చేస్తుంది.

అటు కఠినత్వం కూడా గమ్యం చేర్చలేదు. బీహార్ 2016 ఏప్రిల్‌లో మద్యాన్ని పూర్తిగా నిషేధించింది. మద్యం దొరికిన ఆవరణను జప్తు చేసే అధికారం చట్టంలో రాసుకున్నది. హోటలు గదిలో అతిథి చేసిన పనికి ఆస్తి పోతుందన్న భయం యజమానిని పోలీసు చేతిలో కీలుబొమ్మను చేస్తుంది. కేసులతో న్యాయస్థానాలు కిక్కిరిసి, ఆ చట్టంలోని శిక్షలను 2018లో, 2022లో సడలించవలసి వచ్చింది. కొరడా ఝళిపించడం తేలిక, దాన్ని ఎవరి వీపు మీద ఝళిపిస్తున్నామో చూసుకోవడం కష్టం.

తెలుగువారికి ఈ చరిత్ర కొత్త కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో స్త్రీలు సారా కొట్టు మూయించినప్పుడు మొదలైన ఉద్యమం రాష్ట్రమంతా వ్యాపించింది. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చాయి. 1997లో ఖజానా లోటు చూపి నిషేధాన్ని సడలించారు. ఆ తర్వాతి కాలంలో దుకాణాల పక్కన పర్మిట్ రూములు వెలిశాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో దుకాణాలను ప్రభుత్వం తీసుకున్నప్పుడు అవి పోయాయి. 2024లో దుకాణాలు తిరిగి ప్రైవేటువారి పరమయ్యాక 2025లో మళ్ళీ వచ్చాయి. తాగేవాడికి చోటు ఎక్కడ అన్న ప్రశ్నకు నిలకడైన సమాధానం ఏ తెలుగు ప్రభుత్వమూ చెప్పలేకపోయింది. ఖజానా గలగలలు వినిపించినప్పుడల్లా సమాధానం మారింది. భిలాయ్ తెలుగువారు, స్వరాష్ట్రపు తెలుగువారు ఇద్దరూ ఒకే పాఠాన్ని వేర్వేరు బడులలో చదువుకుంటున్నారు.

భిలాయ్‌కు సొంత చరిత్ర కూడా ఉంది. కర్మాగారానికి ఇనుప ఖనిజం అందించిన దల్లీ రాజ్‌హరా గనులలో 1977 నుండి శంకర్ గుహా నియోగి నాయకత్వాన కార్మికులు సంఘటితమయ్యారు. పోరాడి కూలి పెంచుకున్నారు. పెరిగిన కూలి సారా కొట్టు పాలు కావడం చూసి, మద్యానికి వ్యతిరేకంగా సంఘమే ఉద్యమం నడిపింది. ఆ ఉద్యమానికి వెన్నెముక గని కార్మికుల ఇళ్ళలోని స్త్రీలు. 1983లో కార్మికులు తమ కష్టార్జితంతో షహీద్ ఆసుపత్రి నెలకొల్పుకున్నారు. సీసా మీద ఖర్చు కాని రూపాయి ఏమి కట్టగలదో చూపడానికి అంతకంటే ఉదాహరణ అక్కరలేదు. 1991 సెప్టెంబరు 28న నియోగి భిలాయ్‌లోనే, నిద్రలో, తుపాకి గుండుకు బలయ్యారు. ఆయన రాజకీయాలతో ఏకీభవించనివారు ఉండవచ్చు. కానీ ఆ ఉక్కునగరంలో మద్యం విధానం రాసేవారు ఆ స్త్రీల కంఠస్వరాన్ని వినకుండా కలం పట్టడం అనుచితం.

ఆ స్త్రీలు నాడు పోరాడినది ఎవరి మీద? ప్రయాణంలో గదిలో ఒంటరిగా కూర్చున్న పరదేశి మీద కాదు. జీతం రోజున గేటు ముందు కాచుకున్న సారా కొట్టు మీద. ఈ తేడా గ్రహిస్తే దారి కనిపిస్తుంది. సమాజానికి హాని చేసేది ప్రధానంగా అమ్మకం, ప్రలోభం, గుంపు. నియంత్రణ బరువంతా అక్కడ పడాలి. ఒక రాత్రి అతిథి గోప్యత మీద కాదు.

ఇదే సమస్యతో సంపన్న దేశాలూ తలపట్టుకున్నాయి. ఇంగ్లాండు, వేల్సులలో 2003 లైసెన్సింగ్ చట్టం ప్రకారం మద్యం అమ్మాలంటే ఆవరణకు ఒక లైసెన్సు, దానిని నడిపే మనిషికి మరొకటి కావాలి. నాలుగు గదులు అద్దెకిచ్చి ఉదయం ఫలహారం పెట్టే గృహస్థు, వచ్చిన అతిథికి ఒక గ్లాసు వైన్ అందించాలన్నా ఈ తతంగం తప్పదు. అటువంటివారికోసం కేవలం నోటీసు ఇస్తే సరిపోయే తేలిక పద్ధతిని 2015లో పార్లమెంటు ఆమోదించింది. కానీ ఏళ్ళు గడిచినా ప్రభుత్వం దానిని అమలులోకి తేలేదు. చిన్నవాడికి వెసులుబాటు ఇస్తామని చట్టసభలో చెప్పడం ఒక ఎత్తు, పర్యవేక్షణ ఏర్పాటు చేసి అమలు చేయడం మరొక ఎత్తు. అయితే ఆ దేశం నుండి నేర్వదగినది ఒకటుంది. లైసెన్సు పొందిన ఆవరణ వల్ల ఇబ్బంది కలిగితే చుట్టుపక్కల నివసించేవారు స్థానిక సంస్థను ఆశ్రయించి, ఆ లైసెన్సును పునఃపరిశీలించమని కోరవచ్చు. మనదేశంలోనూ మహారాష్ట్రలో వార్డు స్త్రీల ఓటింగుతో మద్యం దుకాణం మూయించే నిబంధన ఉంది. ఇరుగుపొరుగు మాటకు చట్టబద్ధమైన విలువ ఇవ్వడం అసాధ్యమేమీ కాదు.

భిలాయ్‌కు మరొక ప్రత్యేక పరిస్థితి ఉంది. ఊరి గుండెల మీదుగా పోయే గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు జాతీయ రహదారి మార్గం. తాగి వాహనాలు నడిపి ప్రాణాలు తీస్తున్నవారిని చూసి 2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం లైసెన్సులు ఉండరాదని ఆదేశించింది. 2017 మార్చి 31న ఆ నియమం దుకాణాలకే కాక బార్లు, హోటళ్ళకు కూడా వర్తిస్తుందని స్పష్టం చేస్తూ, 20,000 లోపు జనాభా ఉన్న చోట్ల దూరాన్ని 220 మీటర్లకు తగ్గించింది. అదే సంవత్సరం జూలైలో మునిసిపల్ పరిధిలోని లైసెన్సు ఆవరణలకు ఆ ఆంక్ష అడ్డురాదని వివరించింది. నగరపాలక పరిధిలో ఉన్నాం కనుక రహదారి పక్కన బార్లు తెరవవచ్చునని ఈ వివరణను చదువుకునేవారు తీర్పు అక్షరం చూస్తున్నారు, ఆత్మ చూడడం లేదు. గదిలో తాగి నిద్రపోయేవాడు తన ఆరోగ్యానికే చేటు చేసుకుంటాడు. బారులో తాగి బండి ఎక్కేవాడు ఎదురుగా వచ్చేవాడి ఇంటిదీపం ఆర్పుతాడు. రహదారి లాడ్జీలకు అమ్మకం అనుమతి నిరాకరించడానికి ఈ ఒక్క కారణమే చాలు.

ఇప్పుడు చేయవలసినది ఏమిటి? మొదటిది, చట్టంలో గీత గీయాలి. చిన్న లాడ్జీలలో మద్యం అమ్మకం, సరఫరా, నిల్వ సంపూర్ణంగా నిషిద్ధమని, అయితే రిజిస్టరులో పేరు నమోదైన వయోజనుడైన అతిథి చట్టబద్ధంగా కొన్న పరిమిత పరిమాణాన్ని తన గదిలో వాడుకుంటే యజమాని నేరస్థుడు కాడని నియమావళిలో స్పష్టంగా రాయాలి. ఇందుకు పెద్ద రుసుం పెట్టకూడదు. రుసుం పెట్టిన మరుక్షణం ప్రభుత్వానికి ఆశ, యజమానికి రాబట్టుకోవలసిన అవసరం పుడతాయి. నమోదు చాలు.

రెండవది, ఆ మినహాయింపు షరతులతో కూడినదై ఉండాలి. అతిథి కాని వారికి గదిలో ప్రవేశం ఉండరాదు. వరండా, మేడ, భోజనశాల వంటి ఉమ్మడి చోట్ల సీసా కనిపించరాదు. గ్లాసులు, సోడా, చిరుతిళ్ళ పేరుతో చాటుమాటు బారు నడిపినవాడికి మినహాయింపు రద్దు కావాలి. మా లాడ్జిలో మద్యం వద్దు అని బోర్డు పెట్టుకునే స్వేచ్ఛ యజమానికి ఉండాలి, అతిథి దానిని గౌరవించాలి. కుటుంబాలు, రోగుల బంధువులు అటువంటి లాడ్జీలనే ఎంచుకుంటారు. మర్యాదకు మార్కెట్టులో గిరాకీ లేదనుకోవడం పొరపాటు.

మూడవది, ఇరుగుపొరుగుకు నోరు ఇవ్వాలి. ఫలానా లాడ్జి వల్ల గొడవ జరుగుతున్నదని చుట్టుపక్కల ఇళ్ళవారు, ముఖ్యంగా స్త్రీలు, లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేస్తే నిర్ణీత గడువులోగా నగరపాలక సంస్థ విచారణ జరపాలి. ఆ విచారణ ఎక్సైజ్ శాఖ చేతిలో ఉండరాదు. మద్యం అమ్మకపు లక్ష్యాలు చూసుకునే యంత్రాంగమే మద్యం మీద ఫిర్యాదు వినడమంటే కంచె చేను మేయడానికి కాపలా పెట్టినట్లే.

నాలుగవది, తనిఖీకి పద్ధతి ఉండాలి. ఏ అధికారి, ఏ సమాచారంపై, ఏ వేళ వచ్చాడో లాడ్జి రిజిస్టరులో రాసి సంతకం చేయాలి. వ్రాతపూర్వక కారణం లేకుండా అర్ధరాత్రి గదుల తలుపులు తట్టడం మానాలి. ఏ నేరం చేయని దంపతులు, ఒంటరి ప్రయాణికురాళ్ళు ఈ తట్టుడు వల్ల పడే అవమానం ఏ లెక్కలోకీ ఎక్కదు. తాగుబోతును పట్టే వలలో సాధువు పడితే, వల వేసినవాడు క్షమాపణ చెప్పే ఆచారం మన దేశంలో ఇంకా రాలేదు.

ఈ సూచనలపై రెండు ఆక్షేపణలు రావచ్చు. గదిలో తాగనిస్తే తాగుడును ప్రోత్సహించినట్లు కాదా అనేది మొదటిది. దుకాణం తెరిచి సీసా అమ్మినప్పుడు జరిగిన ప్రోత్సాహం ముందు ఇది ఎంత? ప్రభుత్వానికి 47వ అధికరణం మీద నిజమైన గౌరవం ఉంటే దుకాణాల సంఖ్య తగ్గించాలి, వేళలు కుదించాలి, తాగుడు మాన్పించే చికిత్సా కేంద్రాలకు ధారాళంగా డబ్బు కేటాయించాలి. ఆ పని చేయలేక లాడ్జి గదిలో నైతికత వెతకడం వంచన. ఖజానాకు ఆదాయం రాని విధానం ఎందుకు అనేది రెండవ ఆక్షేపణ. పౌరుడు లంచం ఇవ్వనక్కరలేకపోవడం కూడా రాష్ట్రానికి ఆదాయమే. అది బడ్జెట్టులో కనిపించదు, పాలకుల పట్ల ప్రజల నమ్మకంలో కనిపిస్తుంది.

భిలాయ్ కొలిమిలో కరిగిన ఇనుము పట్టాలై దేశమంతటా పరుచుకున్నది. ఆ పట్టాల మీద నిత్యం వేలమంది ఆ ఊరికి వచ్చిపోతున్నారు. వచ్చినవాడు దొర అయినా, కూలి అయినా ఒకే చట్టం ఎదుట ఒకే మనిషిగా నిలబడగలగాలి. సీసా చెడ్డదైతే గల్లాలోనూ చెడ్డదే. గల్లాలో మంచిదైతే గదిలో నేరం కాజాలదు. ఈ రెంటిలో ఏది నిజమో తేల్చుకోవలసినది లాడ్జి యజమాని కాదు, రాయ్‌పూర్‌లోని ఏలికలు. వారు తేల్చేవరకు అర్ధరాత్రి తలుపు తట్టే చేతికి ధర్మం లేదు, బలం మాత్రమే ఉంది.